వ్యాసం ఎందుకు వ్రాస్తున్నాం?
(వార్షిక సమావేశంలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో వ్యాసం ఎలా వ్రాయాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి; పండితుణ్ణి కాను. అందుచేత ముందు నా తప్పు ఒకటి మీ అందరి ముందు ఒప్పుకుంటాను.

మా క్లాసులో మజ్మూన్ వ్రాయించేటప్పుడు నేనొక అచ్చు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. మొదట తమ్‌హీద్, అంటే ఉపోద్ఘాతం. ఆ తర్వాత ఫాయిదాలు, ఆ తర్వాత నుక్సాన్లు, చివర ఖాతిమా. ఆవు అయినా అదే అచ్చు, రేడియో అయినా అదే అచ్చు. పిల్లలు పదో తరగతి గట్టెక్కేవారు, నేనూ సంతోషించేవాణ్ణి. ఆ పిల్లలే కాలేజీకి వెళ్ళి, వ్యాసంలో మార్కులు రాక, "సర్, మాకు భాష చాలదు, అందుకే పోయింది" అని వచ్చి చెప్పుకుంటే చాలాకాలం నేనూ అదే నమ్మాను. భాష కష్టమే, కాదనను. కాని ఆ కష్టం వెనక ఇంకొకటి దాక్కుని ఉందని నాకు నేర్పింది నా పాత విద్యార్థిని ఒకమ్మాయి.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఆమెకు "మూసీ నది" అని వ్యాసం ఇచ్చారు. వ్రాసి, కాలేజీలో ఇవ్వకముందు నాకు చూపించింది. నాలుగు పేజీలు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టింది, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసింది, 1908 సెప్టెంబరు 28న వరద వచ్చింది, వేలమంది చనిపోయారు, విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, నది అందం, నది మురికి. తప్పు ఒక్కటీ లేదు. చదవడం పూర్తయ్యాక నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

"బేటీ, ఇదంతా ఎవరికి చెబుతున్నావ్?" అని అడిగాను.

"లెక్చరర్‌గారికి, సర్."

"ఆయనకు ఇవన్నీ తెలుసు కదా. ఆయన తెలియనిదేదైనా నీ దగ్గర ఉందా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నది: "2020 అక్టోబరులో మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి, సర్."

వాళ్ళది హఫీజ్‌బాబా నగర్. ఆ నెలలో గుర్రం చెరువు కట్ట తెగి అక్కడి గల్లీలు మునిగిన సంగతి మీలో కొందరికి నేను చెప్పనక్కరలేదు. వాళ్ళ నాన్న కుట్టుమిషన్, అరువు తెచ్చుకున్న బట్ట, ఆమె పుస్తకాలు, అన్నీ పోయాయి. ఆ అమ్మాయి వరద మీద నాలుగు పేజీలు వ్రాసింది గాని అందులో తన ఇంటి నీటిచుక్క ఒక్కటి లేదు! ఎందుకమ్మా అంటే, "అది వ్యాసంలో వ్రాయకూడదేమో అనుకున్నాను" అన్నది. ఆ భయం ఆమెకు పెట్టింది నా అచ్చే.

ఇక్కడొక మాట విద్యార్థులు గట్టిగా పట్టుకోండి. "మూసీ నది" అనేది విషయం. అది లెక్చరర్ ఇస్తారు. ఉద్దేశం ఆయన ఇవ్వరు. అది మనమే తేల్చుకోవాలి. చదివినవాడు చివరికి ఏమి ఒప్పుకోవాలని నేను వ్రాస్తున్నాను? ఇది ఒక్క వాక్యంలో, మనకు వచ్చిన భాషలోనే, చిత్తుకాగితం మీద వ్రాసుకోవాలి. ఉర్దూలో వ్రాసుకున్నా నష్టం లేదు.

ఆమె మొదట వ్రాసుకున్న వాక్యం, "వరదకు ప్రభుత్వానిదే తప్పు." కోపం ఉంది, సబబే. కాని దానితో రెండో పేరా దాటలేకపోయింది. లైబ్రరీకి వెళ్ళి మళ్ళీ చదివింది. 1908లో నది ఒక్కటే పొంగలేదనీ, ఎగువన చెరువులు వరుసగా తెగడంవల్ల కూడా ఆ వరద అంత భయంకరమయిందనీ చూసింది. ఆ తర్వాత కట్టిన రెండు జలాశయాలు మూసీ, ఈసీల వరదను ఆపడానికి. మరి తన గల్లీకి వచ్చిన నీళ్ళు? అవి బస్తీ పక్కనున్న చెరువువి. అప్పుడు వాక్యం మారింది: "పెద్ద జలాశయాలు ఉన్నంత మాత్రాన నగరానికి రక్ష లేదు, చిన్న చెరువు కట్టను కూడా కనిపెట్టుకోవాలి." ఉద్దేశం ముందే తేల్చుకోమంటే, దాన్ని మళ్ళీ ముట్టుకోవద్దని కాదండి. చదివేకొద్దీ అది పదునెక్కుతుంది.

ఆ వాక్యం కుదిరాక ఏది ఉంచాలో, ఏది తియ్యాలో ఆమెకే తెలిసిపోయింది. అనంతగిరి పోయింది, వాడపల్లి పోయింది, నది అందం పోయింది. విశ్వేశ్వరయ్యగారు ఉన్నారు. 1908లో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బ్రతికారన్న సంగతి నేను తీసెయ్యమన్నాను, కథలా ఉందన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆ రోజు వాళ్ళకు చెట్టు తప్ప ఇంకేమీ లేదు సర్, మాకు పైంటివాళ్ళ డాబా తప్ప ఏమీ లేదు" అన్నది. నేనే ఓడిపోయాను. ఆ చెట్టు వ్యాసంలో ఉండిపోయింది.

ఇది నేను కనిపెట్టిన కొత్త సంగతేమీ కాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లండునుంచి తిరిగివచ్చి 1870లో తహ్జీబుల్ అఖ్లాఖ్ పత్రిక పెట్టినప్పుడు ఆయన ముందున్న నమూనా ఆడిసన్, స్టీల్‌ల స్పెక్టేటర్. తెలుగులో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి సాక్షి వ్యాసాలకూ అదే నమూనా. మన ఉర్దూ మజ్మూన్, తెలుగు వ్యాసం ఒకే బావి నీళ్ళు తాగాయన్నమాట! ఇద్దరూ తమ వాళ్ళలో ఏది మారాలో తేల్చుకుని కలం పట్టినవాళ్ళే. అచ్చులో పోసింది తర్వాత వచ్చిన మా బోటి మాస్టర్లు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు వ్యాసం వ్రాస్తుంటే గైడు కొనివ్వడానికి తొందరపడకండి. "ఏం చెప్పాలనుకుంటున్నావ్?" అని ఇంటి భాషలో అడగండి. మీకు చదువు రాకపోయినా ఈ ప్రశ్న అడగవచ్చు.

ఆ అమ్మాయి వ్యాసం చివరికి రెండున్నర పేజీలయింది. ఇంగ్లీషులో తప్పులున్నాయి, కొన్ని నేను దిద్దాను, కొన్ని నాకూ తెలియలేదు. మార్కులు మరీ గొప్పగా రాలేదు. ఇంటికి తీసుకుపోయి వాళ్ళ నాన్నకు ఉర్దూలో చెప్పుకుంటూ చదివిందట. ఆయన మిషన్ ఆపి మొత్తం విని, "అయితే ఇప్పుడు ఆ కట్టను ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడట. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. తెలుసుకోవడానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలి సర్ అని పోయిన వారం నా దగ్గరకు వచ్చింది. ఆ అర్జీలో మొదటి వాక్యం ఏమి ఉండాలో నేను చెప్పనవసరం లేకపోయింది.