రూపాయి చవకైతే చాలదు

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు బ్యాంకులకు, కొందరు కర్మాగారాలకు వెళ్తారు. ఆ రెండింటినీ ముడివేసే మారకపు రేటు గురించి మీతో మాట్లాడాలనుకున్నాను.

1964 మేలో దక్షిణ కొరియా డాలరు ధరను 130 వాన్‌ల నుంచి 255కు పెంచింది. 1966 జూన్ 6న మనమూ డాలరును 4.76 రూపాయల నుంచి 7.50కి చేర్చాం. కొరియా ఎగుమతులు 1964లో 10 కోట్ల డాలర్లు దాటి, 1977కల్లా 1000 కోట్లకు చేరాయి. మనకు ఆశించినంత పెరుగుదల రాలేదు.

మనకు అప్పుడు వరుస కరువులు. నిజమే. కానీ రూపాయి విలువ తగ్గిస్తూనే ఎగుమతిదారుల రాయితీలు ఆపేశాం, టీ, జనపనార వస్తువులపై సుంకం వేశాం. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో తీసుకున్నాం. కొరియా అలా చేయలేదు. ఎగుమతి సరుకుకు వాడే దిగుమతి ముడిసరుకుపై సుంకం మాఫీ చేసింది, తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. వాళ్లు మొదట్లో అమ్మినవి విగ్గులు, ప్లైవుడ్, బట్టలు. నాసిరకం సరుకు తిరిగొస్తుంది, గడువు తప్పితే మళ్లీ ఆర్డరు రాదు. లోపం ఎక్కడుందో వెతికి సరిదిద్దుకునే ఆ ఒత్తిడిలోనే ఉత్పాదకత పెరిగింది. చవక కరెన్సీ వాళ్లకిచ్చింది నేర్చుకునే వ్యవధి మాత్రమే. ఆ వ్యవధికి మూల్యం చెల్లించింది తక్కువ కూలికి ఎక్కువ గంటలు కుట్టుమిషన్ల ముందు కూర్చున్న అమ్మాయిలు. ఆ మాట చెప్పకుండా కొరియాను పొగడటం నాకు ఇష్టం లేదు.

కరెన్సీని బలవంతంగా ఖరీదుగా ఉంచితే నష్టం ఇంకా లోతుకు పోతుంది. చిలీ 1979లో డాలరుకు 39 పెసోలని బిగించింది. దేశంలో ధరలు పెరుగుతూనే ఉన్నాయి, దిగుమతులు చవకై స్థానిక పరిశ్రమ చితికింది. 1982 జూన్‌లో ఆ రేటును వదులుకోక తప్పలేదు. రేటు ఒక్క రోజులో మారుతుంది. మూతపడిన మిల్లు, చెదిరిపోయిన పనివాళ్లు అంత త్వరగా తిరిగి రారు.

మన హైదరాబాద్ మందుల పరిశ్రమనే చూడండి. రూపాయి పడితే అమెరికా అమ్మకాల మీద ఎక్కువ రూపాయలు వస్తాయి, చైనా నుంచి తెచ్చుకునే ముడి రసాయనాల బిల్లూ పెరుగుతుంది. కాబట్టి మీ చేతికి ఏ కంపెనీ లెక్కలు వచ్చినా ఈ రెండు పద్దులూ పక్కపక్కన పెట్టండి. మిగిలిన లాభంలో కొత్త యంత్రానికి ఎంత పోయిందో, పనివాళ్ల శిక్షణకూ జీతాలకూ ఎంత పోయిందో కూడా అడగండి.