గడ్డము కథ, కత్తి కథ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఏ భాగవతమును గూర్చియో మాటలాడుదునని మీలో కొందరు అనుకొనియుందురు. కార్యదర్శిగారు "ఎవ్వరును ఎత్తుకొనని విషయము చెప్పవలె"నని ఆజ్ఞాపించిరి. అందుచేత ప్రతి మగవాని ముఖమునను దినదినము మొలచుచున్నను చరిత్రగా ఎవ్వరికిని తోచని గడ్డమును ఎత్తుకొంటిని. నవ్వుడు, తప్పులేదు. కాని నేను లెక్కలు వ్రాయువాడను. పద్దు ఎత్తినచో నిలువ తేల్చక విడువను.

భారతమునుండియే ప్రారంభింతును. విచిత్రవీర్యుడు సంతానము లేక మరణింపగా సత్యవతి తన పుత్రుడగు వ్యాసుని రావించినది. ఆయన ఎర్రని జడలతో, మండుచున్న కన్నులతో, గోరోజనపు వన్నె గడ్డముతో ఎదుట నిలువగా అంబిక చూడజాలక కన్నులు మూసికొనినది. ఆమెకు పుట్టుగ్రుడ్డియగు ధృతరాష్ట్రుడు కలిగినాడు. అంబాలిక వెలవెలబోయినది, పాండురాజు పాలిపోయి పుట్టినాడు. మూడవమారు అంబిక తాను పోక తన దాసిని పంపినది. ఆ దాసి భయపడలేదు. మునిని భక్తితో సేవించినది. ఆమె కడుపున విదురుడు పుట్టినాడు. రాణులు చూడలేని గడ్డమును దాసి చూడగలిగినదన్న మాట చాలమంది పౌరాణికులు తొందరగా దాటిపోవుదురు. నాకు మాత్రము కథకంతకు అదియే కీలకముగా తోచును. ఆ వ్యాసుడే గోదావరి యొడ్డున తపస్సు చేసి, పిడికెడేసి ఇసుక తెచ్చి సరస్వతీమూర్తిని నిలిపినాడని బాసర స్థలపురాణము చెప్పును. పాత ఆదిలాబాదు జిల్లాలో నుండి 2016లో నిర్మలు జిల్లాకు చేరిన బాసర మనకు దూరము కాదు. కావున ఆ గడ్డము మన పొరుగూరిదే.

సంస్కృతమున చిబుకము వేరు, శ్మశ్రువు వేరు. తెలుగువాడు రెండింటికిని గడ్డమనియే పేరు పెట్టినాడు. బ్రతిమాలునప్పుడు గడ్డమే పట్టుకొనును. మీసము సంగతి వేరు. మింగ మెతుకు లేకున్నను దానికి సంపెంగనూనె కావలెను. మొదటి గడ్డపు క్షౌరమునకు పూర్వులు కేశాంతమని పేరిడి సంస్కారములలో చేర్చిరి. ఆవును దానమిచ్చుటచే గోదానమనియు అనిరి. మనువు బ్రాహ్మణునకు 16వ యేట, క్షత్రియునకు 22వ యేట, వైశ్యునకు 24వ యేట అని విధించినాడు. తక్కినవారి గడ్డములకు పద్దు వ్రాయలేదు.

రష్యాలో పీటరు చక్రవర్తి 1705లో గడ్డముపై పన్ను విధించి, చెల్లించినవారికి రాగిబిళ్ళ యిప్పించినాడు. అక్కడి పట్వారీల పాట్లు తలచుకొన్న నాకు జాలి కలుగును. మన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఛాయాచిత్రములలో చెంపవెండ్రుకలు దిగి మీసములతో కలిసియుండును, గడ్డము నున్నగా నుండును. అది ఆనాటి ఐరోపా ప్రభువుల పోకడ. ముస్లిము సోదరులు ప్రవక్త ఆచారమని గడ్డము పెంచుదురు. కొండగట్టు అంజన్న దీక్ష పట్టినవారు 41 దినములు కత్తి తాకనీయరు. ఇంట మరణము సంభవించినచో పదవనాటి క్షౌరమువరకు గడ్డము గీయరాదు. ఆనాడు మాత్రము గీయక తప్పదు. ఆ గీయువాడెవ్వడు? అసలు కథ ఇక్కడ మొదలగును.

గ్రామమున పన్నిద్దరు ఆయగాండ్రలో మంగలి యొకడు. సాలు పొడుగునను ఊరివారి తలలు, గడ్డములు గీసి, పంటలు వచ్చినప్పుడు కల్లములో కుంచముల కొలతన ధాన్యము తీసికొనెడివాడు. ఎన్ని గడ్డములకు ఎన్ని గింజలన్న లెక్క లేదు. పంట ఎండినచో అతని పొదియు ఎండినట్లే. పెండ్లికి సన్నాయి అతనిదే, పురిటికి మంత్రసాని అతని యింటి ఆడుబిడ్డయే, పుండు కోయుటకు అతని కత్తియే. దొరల గడులలో ఆ ధాన్యమును లేదు. క్షౌరముతోపాటు రాత్రివేళ కాళ్ళు పిసుకుటయు వెట్టియే. ఈ వెట్టిపై కలముపట్టి పోరాడిన మాడపాటి హనుమంతరావు పంతులుగారే 1935లో మన సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్రమహాసభకు అధ్యక్షులు.

మరొక మాట కఠినముగా నున్నను చెప్పక తప్పదు. ఆ కత్తి అందరి గడ్డమును తాకలేదు. మాల మాదిగల గడ్డము గీచినచో ఊరు అతనిని వెలివేసెడిది. పెద్దల మాట కాదన్నవాని కెల్ల చాకలి మంగలి బందు. పదవనాడు క్షౌరము లేక, మైల తీరక మనిషి ఎట్లు లొంగిపోవునో ఊహింపుడు. కత్తి ఎత్తి కాదు, కత్తి ఎత్తకయే శిక్షించుట ఇది.

ఈ శిక్షను మన జిల్లావారు తలక్రిందులు చేసిరి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీ సంఘములు భూమికొరకు, వెట్టికి విరుద్ధముగా లేచినవి. సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రను చూచినవారు ఈ సభలోనే యుండవచ్చును. ఆ దినములలో సంఘములకు లొంగని దొరలకు కూలీలు పనికి పోలేదు, చాకలి బట్ట ముట్టలేదు, మంగలి గడ్డము గీయలేదు. దొర మాసిన గడ్డముతో బస్సెక్కి పట్టణపు క్షౌరశాలకు పోయెనని పెద్దలు చెప్పగా విన్నాను. అక్టోబరులో ప్రభుత్వము ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. తరువాత ఇరువైపుల జరిగిన రక్తపాతమును నేను మెచ్చను. కాని తరతరములుగా బీదవానిపై వాడిన బందు ఒక్కమారు గడి గుమ్మమునకు చేరినదన్న సంగతిని చరిత్రలో జమ కట్టవలసినదే.

చట్టము అంతకు ముందే మాటలాడినది. 1948 నవంబరులో రాజ్యాంగసభలో, అందరికిని ప్రవేశము గల "దుకాణము"లలో క్షౌరశాలయు చేరునా యని ప్రశ్న రాగా, సేవ నర్థించి వచ్చువారికి సేవ చేయు చోటెల్ల దుకాణమే యని అంబేడ్కరుగారు వివరించిరి. 1955లో అంటరానితనపు నేరముల చట్టము వచ్చినది. అయినను చట్టము పుస్తకమున నుండగా ఊరిలో కుర్చీ వేరుగా నున్న దినములు మనమెరుగనివి కావు.

కల్లపు ధాన్యము పోయి రూపాయి వచ్చినది. అమెరికాలో జిల్లెట్ అను వ్యాపారి 1903లో అమ్మిన రక్షణ కత్తులు 51 మాత్రమే. మరుసటి యేట 90 వేలు దాటినవట. అది మన పల్లెలకు చేరినప్పటినుండి ఎవరి గడ్డము వారే గీసికొనుచున్నారు. ఇప్పటి యువకులు తిరిగి పెంచుచున్నారు గనుక నాయీబ్రాహ్మణ సోదరులకు కొంత పని నిలిచినది. గీయుటకన్న తీర్చిదిద్దుటకే వెల ఎక్కువ.

క్షౌరశాలలో బల్లమీద దినపత్రిక యుండును. అక్షరము రానివానికి చదివి వినిపించువాడును అక్కడనే దొరకును. మన గ్రంథాలయమునకు సెలవైన దినమున పత్రిక కొరకు నేను పోవుచోటు అదియే. అక్కడివారు మన చందాదారులుగా ఎందరున్నారో పట్టికలో చూచితిని, ఇద్దరు. మిగిలినవారిని ఈ మాసములోనే చేర్పింపుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. వారు గడియారము చూచుచున్నారు. సెలవు.