రాయదుర్గం: ఒకవైపు వరిమడి, మరోవైపు ఇసుక దిబ్బ

అనంతపురం పేరెత్తితే కరువు తప్ప ఇంకోటి గుర్తురాదు చాలామందికి. ఆ మాటకు కారణం ఉంది. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్లు పడితే పడినట్టు. కానీ జిల్లా అంతా ఒకే రంగులో ఉండదని చెప్పడానికి ఇవాళ మిమ్మల్ని పడమటి కొసకు, రాయదుర్గానికి తీసుకువెళ్తాను.

రాయదుర్గం, గుమ్మఘట్ట, కణేకల్లు, బొమ్మనహాళ్, డి.హీరేహాళ్. ఈ అయిదు మండలాల ప్రాంతం మూడు దిక్కుల్లో కర్ణాటకను ఒరుసుకుని ఉంటుంది. ఉత్తరాన బళ్లారి, పడమట మొలకాల్మూరు. ఆ మొలకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరి దగ్గరే అశోకుడి శాసనాలున్నాయి. 2011 లెక్కల్లో రాయదుర్గం పట్టణ జనాభా 61 వేల పైచిలుకు. బస్టాండులో పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటున్న నలుగురి మాటలు వినండి: తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది. సంతకైనా, సంబంధానికైనా వీళ్లకు అనంతపురం కంటే బళ్లారే దగ్గర.

దగ్గరేమిటి, ఒకప్పుడు జిల్లా కేంద్రమే అది. 1882లో బళ్లారిని చీల్చి అనంతపురం జిల్లా చేసినప్పుడు కూడా రాయదుర్గం బళ్లారిలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి నుంచి మూడు తాలూకాలు ఇటు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలుకు పోగా రాయదుర్గం మనకు దక్కింది. బళ్లారి పట్టణం మైసూరుకు వెళ్లింది.

ఇక కోట. ఊరి నెత్తిన ఉన్న ఆ రాతికొండ మొదట బోయ పాళెగాళ్లది. వాళ్లను అణచడానికి విజయనగర రాజులు పంపిన భూపతిరాయల పేరే కొండకూ, ఊరికీ నిలిచిందంటారు. 1565లో విజయనగరం కూలగానే బోయలు తిరిగి ఆక్రమించారు. ఆపైన పెనుకొండ కోనేటి నాయకుడి వంశం, ఆపైన టిప్పు. 1800లో నిజాం దత్తమండలాల్ని కుంపిణీకి రాసిచ్చేయడంతో కోటల కథ ముగిసింది. కొండెక్కేవారు జైన శిల్పాల్ని, పది చేతులతో ఉన్న ఏకశిలా గణపతిని చూడకుండా దిగకండి.

అసలు విషయానికి వస్తాను. ఈ సీమ బతుకు వేదవతి మీద ఆధారపడింది. బాబాబుడన్ కొండల్లో పుట్టి గుమ్మఘట్ట దగ్గర మన జిల్లాలో అడుగుపెట్టి, హగరి పేరుతో తుంగభద్రలో కలిసే నది ఇది. ఎగువన హిరియూరు దగ్గర మైసూరు రాజులు 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టారు. మనవాళ్లు దిగువన 1961లో రెండు టీఎంసీల భైరవానితిప్ప ప్రాజెక్టు కట్టారు. పైవాళ్లు తాగి మిగిలితేనే కిందికి కదా! వాణీవిలాసం 1933లో ఒకసారి పొంగింది, మళ్లీ పొంగింది 2022లో. ఈ మధ్యలో ప్రాజెక్టును నమ్ముకున్న ఆయకట్టు రైతు ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు.

నీళ్లు లేని నది ఊరుకోదు. ఎండిన ఏటిలోని ఇసుకను ఆషాఢం గాలి ఎత్తుకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాల్లో పోస్తుంది. గోవిందవాడ, దర్గా హొన్నూరు వైపు వెళ్తే దిబ్బల మీద అలలు అలలుగా గీతలు, వాటిలో సగం పూడిన కంచె రాళ్లు కనిపిస్తాయి. అడుగేస్తే కాలు మడమ దాకా దిగుతుంది. సినిమావాళ్లకు రాజస్థాన్ ఖర్చు తప్పింది గానీ, రైతుకు మాత్రం ట్రాక్టరు పెట్టి ఇసుక ఎత్తించుకునే ఖర్చు తగిలింది. కొర్ర, సజ్జ, జొన్న పోయి వేరుశనగ ఒక్కటే మిగలడం, చెట్లు కొట్టేయడం ఈ ఇసుక మేటల్ని ఇంకా పెంచాయి. గాలి తప్పు కొంతే, మన తప్పు ఎక్కువ.

విచిత్రం ఏమిటంటే ఆ మండలాల్లోనే తుంగభద్ర ఎగువ కాలువ పారినచోట వరి నాట్లు పడతాయి. ఎండిన ఏరు సొంతది, పారే నీరు పొరుగేటిది.

నీళ్లు లేని ఊళ్లవాళ్లు ఏం చేస్తారు? కొందరు బెంగళూరుకు వలసపోయారు. పట్టణంలో మిగిలినవాళ్లు జీన్స్ ప్యాంట్లు కుడుతున్నారు. మధ్యాహ్నం పూట ఏ సందులో నడిచినా మిషన్ల చప్పుడే. అరుగుల మీద ఆడవాళ్లు నీలం బట్టల గుట్టల మధ్య కూర్చుని కొసదారాలు కత్తిరిస్తుంటారు. డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురంలో ఇనుప ఖనిజం ఉంది. అక్కడ రాష్ట్ర సరిహద్దు ఎక్కడన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఇనుము వల్ల రాయదుర్గం రైతుకు ఒరిగింది మాత్రం తక్కువే.

జీడిపల్లి జలాశయం నుంచి భైరవానితిప్పకు కాలువ తవ్వి కృష్ణా నీళ్లు ఇవ్వాలన్న పథకం ఒకటుంది. పనులు మొదలై ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. ఈ సీమకు కొత్త హామీలు అక్కర్లేదు, మొదలుపెట్టిన ఆ ఒక్క కాలువను పూర్తి చేస్తే చాలు.