రూతు ముందు తాను తిన్నది

 ఈ సాయంత్రం పట్టాలు అందుకుంటున్న చెల్లెళ్లూ, వెనక వరసల్లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న వాళ్ల ఇంటివాళ్లూ, ఈ మాటలు మీకోసమే.

ఇంటిని పోషించే క్రైస్తవ స్త్రీ అనగానే మన ప్రసంగాలన్నీ సామెతలు 31వ అధ్యాయానికి వెళ్తాయి. తెల్లవారకముందే లేచే ఆమెను, రాత్రి దీపం ఆరనివ్వని ఆమెను మదర్స్ డే నాడు మెచ్చుకుని, ఆమెలా ఉండమని చెప్పి ముగిస్తాం. అదే ఆమె పొలం చూసి కొన్నది, సొంత సంపాదనతో ద్రాక్షతోట నాటించింది, నేసిన బట్టలు వర్తకులకు అమ్మింది. చీకటితో లేచిన సంగతి చెప్పినంత గట్టిగా పొలం కొన్న సంగతి మనం చెప్పం. అమెరికాకు వచ్చి ఊరుగాని ఊళ్లో కాపురం చేస్తున్న మనకు ఆ పొలమే ఎక్కువ అవసరం.

అందుకే ఈ రోజు రూతు గురించి మాట్లాడతాను. మోయాబు పిల్ల. భర్త పోయాడు. విధవరాలైన అత్త నయోమి వెంట తనకు తెలియని బేత్లెహేముకు వచ్చింది. యవల కోత రోజులు. ఎవరి చేలోనో పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. మధ్యాహ్నం ఆ చేని యజమాని బోయజు భోజనానికి పిలిచి పేలాలు అందించాడు. ఆమె తృప్తిగా తిన్నది, కొంత మిగుల్చుకున్నది. సాయంత్రం దాకా ఏరి దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి. అవి మోసుకెళ్లి అత్తకు చూపించి, మధ్యాహ్నం తాను తినగా మిగిల్చినది కూడా తీసి ఇచ్చింది.

ఆమె ముందు తాను కడుపునిండా తిన్నదని రెండుసార్లు రాసి ఉంది. దాన్ని దాటేసి చదవకండి. అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది తిని, అదే ప్రేమ అనుకోవడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తోంది. నర్సుగా పనిచేసిన ఏళ్లలో, షుగరు మాత్ర వేసుకుని, పిల్లల డబ్బాలు సర్దే హడావిడిలో తినడం మరిచి, వంటింట్లోనే పడిపోయిన తల్లులను ఆసుపత్రికి తీసుకురావడం చూశాను. చెమటతో జాకెట్టు తడిసి, చేతులు వణుకుతూ, కళ్లు తెరవగానే వాళ్లు అడిగే మొదటి మాట "పిల్లలు తిన్నారా?" అని. ఆ ప్రేమకు నేను దండం పెడతాను. కానీ ఆ ఇంట్లో ఆమె పళ్లెంలో అన్నం పడిందో లేదో చూసేవాళ్లు కూడా ఉండాలి.

ఇక సంపాదన సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి జిల్లాల్లో వేల ఇళ్లను నిలబెట్టింది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవులైన పేద స్త్రీలే. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ల మీద 1982లో పుస్తకం వేశారు. రోజులో ఎన్నో గంటలు సూది కదిపిన ఆ ఆడవాళ్లను అందరూ ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్లనే అన్నారని, తీరిక వేళ పని అనే పేరు పెట్టి కూలి తక్కువిచ్చారని, లాభం ఎగుమతిదారులకు పోయిందని ఆమె చూపించారు. ఆ మాట నరసాపురంతో ఆగలేదు. ఉద్యోగ వీసా మీదున్న భర్తతో హెచ్-4 వీసా మీద వచ్చిన మన అమ్మాయిల్లో కొందరికి పనిచేసుకునే అనుమతి దొరకడం 2015లో మొదలైంది. అంతవరకు ఎంత చదువుకున్నా వాళ్లనూ "ఖాళీగా ఉంది" అనే అన్నాం. ఒక్క జీతంతో ఇక్కడి అద్దె కట్టి, ఊళ్లో మరిది ఫీజు పంపి, నెలాఖరుకు నాలుగు డాలర్లు మిగిల్చిన మనిషి ఖాళీగా ఎలా ఉంటుంది?

తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం మీరంతా చదివారు. సొంతవాళ్లను చూడనివాడి గురించి అక్కడున్న కఠినమైన మాట మనకు కంఠతా వచ్చు. ఆ మాట విధవరాళ్ల పోషణ సందర్భంలో వచ్చింది. కాస్త కిందికి వస్తే, నీ ఇంట్లో విధవరాళ్లుంటే నువ్వే చూసుకో, సంఘం మీద భారం వేయకు అని విశ్వాసియైన స్త్రీకే నేరుగా చెప్పి ఉంది. ఆ విధవరాళ్లు ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డుకు రెండు వీధుల అవతల అపార్టుమెంట్లలో ఉన్నారు. గుంటూరు నుంచో భీమవరం నుంచో వచ్చిన అత్తగారు, అమ్మ. కారు నడపలేరు, ఇంగ్లీషు రాదు, మీరు మెట్రోపార్కు స్టేషన్లో రైలెక్కినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటారు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇక్కడ పన్ను కట్టి పనిచేసిన చరిత్ర లేనివాళ్లు వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో డబ్బు కట్టి చేరాలన్నా అయిదేళ్లు ఇక్కడ నివాసముండాలి. ఆ అయిదేళ్లూ వాళ్ల ఆరోగ్య బీమా సంగతి ఇంట్లో ఎవరో ఒకరు చూసుకోవాలి. ప్రార్థన చేయండి, ఆ ఫారాలు కూడా నింపండి. రెండూ భక్తే.

పోషణ మన ఇంటివాళ్లతోనే ఆగదు. మన పల్లె సంఘాల్లో తల్లులు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేది. కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇళ్లవి. తన కుటుంబంతోపాటు ముఖం తెలియని ఎవరిదో ఆకలి కూడా ఆ కొలతలో ఉండేది. ఇక్కడ ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి కొనేటప్పుడు ఆ కుండను మరిచిపోవడం చాలా తేలిక. కొత్తగా వచ్చి అద్దెగదిలో వంట చేసుకోవడం రాక అవస్థపడే స్టూడెంటు పిల్లలు మన ఆరాధనలకు వస్తూనే ఉన్నారు. ఆదివారం ఒకరిని భోజనానికి పిలవండి.

చివరగా, రూతు అత్త నయోమి. భర్త ఎలీమెలెకు పోయినా, పదేళ్లు పరాయి దేశంలో గడిపినా, ఆయన పొలం ఒకటుందని, దాన్ని విడిపించే హక్కుగల బంధువు ఎవరో కూడా ఆమెకు తెలుసు. రూతు భవిష్యత్తు ఆ తెలివిడి మీదే నిలిచింది. మనలో ఎంతమందికి ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో తెలుసు? బీమా పాలసీలో నామినీ ఎవరు? విల్లు రాశారా? హెచ్-4 మీద ఉన్నామె భర్త చనిపోతే, దుఃఖంలో ఉండగానే ఆమె వీసాకు ఆధారమే పోతుంది. ఇది అపశకునపు మాట అని మన ఇళ్లలో నోరు మూయిస్తారు. మూయనివ్వకండి.

వెనక కూర్చున్న తమ్ముళ్లూ, ఈ మాట మీకు. ఇన్నాళ్లూ పాఠాల కోసం మీ భార్య ఇంట్లో లేని గంటల్లో పిల్లలకు స్నానాలు చేయించి, అన్నం పెట్టారు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఈ వారంలోనే ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంటి కాగితాల ఫైలు తీసి టేబుల్ మీద పెట్టండి. బ్యాంకు ఖాతాలు, పాలసీలు, ఊళ్లోని స్థలం పత్రాలు ఆమెతో కలిసి ఒక్కొక్కటీ చదవండి. ఆమె పేరు లేని చోట ఆమె పేరు రాయించండి.