వంద పెట్టెలో అయిదువందలు

2022 జూన్‌లో మహారాష్ట్రలోని నాగపూర్ జిల్లా ఖాపర్‌ఖేడాలో ఒకాయన ఏటీఎంలో 500 రూపాయలు అడిగితే అయిదు 500 నోట్లు వచ్చాయి. మళ్లీ నొక్కితే మళ్లీ 2,500! కబురు ఊరంతా పాకింది. జనం ఎగబడ్డారు. చివరికి పోలీసులొచ్చి ఏటీఎం మూయించారు.

మిషన్‌కు మతిపోయిందనుకుంటాం గానీ, పాపం, అది తన లెక్క తాను సరిగ్గానే చేసింది. ఏటీఎం లోపల నోట్ల పెట్టెలుంటాయి, క్యాసెట్లంటారు. ఏ పెట్టెలో ఏ నోటో మిషన్‌కు ముందే చెప్పి ఉంచుతారు. డబ్బిచ్చేటప్పుడు మామూలు మిషన్ నోటు మీది అంకె చదవదు. కాగితాలు లెక్కపెడుతుంది, రెండు అతుక్కుని వచ్చాయేమోనని మందం చూస్తుంది, అనుమానమొస్తే పక్క డబ్బాలో పడేస్తుంది. అంతే. ఖాపర్‌ఖేడాలో వంద నోట్ల పెట్టెలో ఎవరో అయిదువందలు పేర్చారు.

ఇలా వచ్చిన అదనపు సొమ్ము మనది కాదు. పొరపాటున ముట్టినది తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. పైగా ఏ కార్డుకు ఎన్ని నోట్లిచ్చిందో మిషన్ రాసిపెట్టుకుంటుంది.

మనకు ఎక్కువగా ఎదురయ్యేది దీనికి తలకిందులు: ఖాతాలో డబ్బు తగ్గుతుంది, నోట్లు రావు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం లావాదేవీ తర్వాత అయిదు రోజుల్లో ఆ సొమ్ము తిరిగి జమకావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, మనం అడగకపోయినా ఇవ్వాలి. ఏటీఎం ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. వివరాలకు ఫోన్ 14448.