మధుర మీనాక్షీ దేవాలయము
(గ్రంథాలయ పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



మధురానగరమునందలి మీనాక్షీసుందరేశ్వరుల యాలయమును గూర్చి మాటలాడుమని నన్ను గోరితిరి. అది తమిళదేశమున నున్నను మనకు బరాయిది గాదు. 16, 17వ శతాబ్దములలో దానిని నేటి రూపమునకు దెచ్చినవారిలో తెలుగు నాయకరాజులు ముఖ్యులు.

ఆలయమునకు 14 గోపురములు గలవు. వానిలో దక్షిణగోపురము మిక్కిలి యున్నతము. దాని యెత్తు సుమారు 170 అడుగులు. 1569లో గట్టబడిన వేయికాళ్ల మండపమున నిజముగా నున్న స్తంభములు 985. తూర్పువైపున పుదుమండపమును తిరుమలనాయకుడు నిర్మించెను.

శిల్పముకంటెను నన్ను విశేషముగా నాకర్షించినది పురనిర్మాణము. గుడి నడుమ నుండగా దానిచుట్టు చదరముగా వరుసవెంట వరుస వీధులున్నవి. వానికి చిత్తిరై, మాసి మొదలగు తమిళమాసముల పేళ్లు. నాలుగు దిక్కులను గోపురద్వారములు గలవు. ప్రతిరాత్రియు సుందరేశ్వరుని పాదుకలను పల్లకిలో నమ్మవారి పవళింపుగదికి గొనిపోవుదురు. చిత్తిరై యుత్సవమున దేవికి పట్టాభిషేకము, కల్యాణము జరిగినపిమ్మట దేవతలు రథములెక్కి మాసివీధులలో నూరేగుదురు.

దేవుడు వీధిలోనికి వచ్చుచుండ, ఆ వీధిలోని మనుష్యులలో గొందఱు మాత్రము గుడిలోనికి బోరాదనిరి. ఈ నిషేధము 1939 జూలై 8వ తేదీవఱకు సాగెను. ఆనాడు మధుర న్యాయవాదియు కాంగ్రెసు సేవకుడు నగు వైద్యనాథయ్యరుగారు, అంటరానివారని దూరముంచబడిన యైదుగురిని, అట్లే యడ్డగింపబడిన నాడారు కులస్థు నొకనిని వెంటబెట్టుకొని లోనికేగి దర్శనము చేయించిరి. కొందఱర్చకు లలిగిరి. రాజాజీ ప్రభుత్వము ఆ సంవత్సరముననే యాలయప్రవేశమునకు రక్షణగా జట్టము చేసెను. ఇట్లు ద్వారములు తెఱువబడిన పిమ్మట, 1946లో, గాంధీమహాత్ముడు అచ్చట దర్శనము చేసికొనెను. 1950లో రాజ్యాంగము 17వ యధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను.

నేనును న్యాయవాదినే, చట్టముయొక్క బలమును, దాని హద్దును ఎఱుగుదును. అడ్డగించువానిని అది శిక్షింపగలదు. ప్రక్కన నిలిచి తీర్థము పుచ్చుకొనువానిని తోబుట్టువుగా జూడుమని మనస్సునకు నేర్పుట దానిచేత గాదు. అది మన పని. మన యూళ్లలో రామమందిరపు గడపకడ నేటికిని సంకోచించి నిలిచిపోవు సోదరులున్నారు. వచ్చు శ్రీరామనవమికి మనలో నొక్కొక్కరము అట్టి యొక కుటుంబమును వెంటబెట్టుకొని గుడికి బోవుదము. పానకమును వారిచేతిమీదుగా బుచ్చుకొందము. మధురను గూర్చి వినినందులకు ఫల మిదియే యగుగాక!