స్టీరింగు బరువైతే చేతులను నిందించకండి



మన నల్లగొండ, పాలమూరు వైపు పాత కారును అమ్మబుద్ధి కాక వాకిట్లో ఉంచుకున్న ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. మామగారు మోజుపడి కొన్న అంబాసిడరో, పెళ్ళినాటి ఫియట్టో అయి ఉంటుంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. బొంబాయి ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఈ బండ్ల గురించి ఆడవాళ్ళ నోట నేను తరచుగా వినే మాట ఒకటే: "నడపడం వచ్చు గానీ, ఆ స్టీరింగు తిప్పడం నా వల్ల కాదమ్మా!" పక్కనున్న మగవాళ్ళు "ఆడవాళ్ళ చేతుల్లో అంత బలం ఎక్కడిది?" అంటారు. తాళంచెవి మళ్ళీ మేకుకు ఎక్కుతుంది. ఇవాళ ఆ బలం సంగతే మాట్లాడుకుందాం.

పాత బండి స్టీరింగు కొత్త బండి అంత తేలిగ్గా తిరగదు, ఆ మాట నిజమే. ఇప్పటి కార్లలో మన చేతికి యంత్రం సాయం పడుతుంది. నూనె ఒత్తిడితో పనిచేసే అటువంటి సాయాన్ని 1951లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పెట్టి అమ్మింది. కరెంటు మోటారుతో చేసే సాయం 1988లో జపానులో సుజుకీ వారి సెర్వో కారుతో వచ్చింది. మన పాత బండ్లకు ఆ భాగ్యం లేదు. అందుకనే వాటి స్టీరింగు చక్రం అంత పెద్దదిగా ఉంటుంది. గడ్డపార పొడుగైనకొద్దీ బండరాయి సులువుగా కదులుతుంది కదా, ఇదీ అంతే. అందం కోసమని దాన్ని తీసి చిన్న చక్రం బిగిస్తే మీ చేతికే శ్రమ.

అయితే కొంచెం బరువుగా ఉండడం వేరు, రెండు చేతులతో వేలాడితే గానీ తిరగకపోవడం వేరు. మొదటిది బండి స్వభావం, రెండోది బండి జబ్బు. జబ్బును స్వభావమని సరిపెట్టుకోకూడదు. జబ్బు కారణాలను తక్కువ ఖర్చువాటితో మొదలుపెట్టి వరసగా చూద్దాం.

అన్నిటికన్నా ముందు గాలి. గాలి తగ్గిన సైకిలు హ్యాండిలు ఎంత మొండికేస్తుందో మీకు తెలుసు. టైరులో గాలి తగ్గితే రబ్బరు ఎక్కువ మేర నేలకు అతుక్కుంటుంది. చక్రం పక్కకు తిరగాలంటే అంత రబ్బరూ నేలమీద ఈడ్చుకోవాలి. వాకిట్లో నెలల తరబడి కదలకుండా నిలిచిన బండికి ఇది తప్పని బాధ. ముందు చక్రాలకు ఎంత గాలి ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె ఒక చీటీమీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. గాలి పొద్దున్నే చూపించండి. మన ఎండల్లో పది మైళ్ళు తిరిగిన టైరు వేడెక్కి గాలి ఎక్కువున్నట్టు చూపిస్తుంది. పాత టైర్ల స్థానంలో మరీ వెడల్పు టైర్లు వేయించినా స్టీరింగు బరువెక్కుతుంది.

రెండోది గ్రీజు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నారు పెద్దలు. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎంతో, పాత కారు ముందు చక్రాల కీళ్ళకు గ్రీజు అంత. ఆ కీళ్ళ దగ్గర చిన్న చిన్న నిపుల్సు ఉంటాయి, గ్రీజు గన్నుతో వాటిలోకి ఎక్కించాలి. ఇప్పటి కార్లకు ఇటువంటివి అరుదు కాబట్టి కుర్ర మెకానిక్కులు అటు చూడకపోవచ్చు, మీరే గుర్తు చేయండి. ఇంకొక చిన్న కిటుకు. చక్రం నేలమీద ఉండగా గ్రీజు కొడితే బరువు ఆనిన వైపుకు అది సరిగా చేరదు. బండిని జాకీతో లేపి, స్టాండ్లమీద నిలిపి కొట్టించాలి, పాత నల్లటి గ్రీజు బయటికి వచ్చేదాకా. మన దగ్గర ఎర్రమట్టి దుమ్ము ఎక్కువ. కీళ్ళమీది రబ్బరు తొడుగులు చినిగితే దుమ్ము లోపలికి పోయి గ్రీజుతో కలిసి ఆకురాయిలాగా అరగదీస్తుంది. అందువల్ల పుస్తకంలో చెప్పిన గడువుకన్నా కాస్త ముందే చేయించడం మంచిది.

మూడోది స్టీరింగు పెట్టె, చక్రాల పొందిక. పద్మినిలాంటి బండ్లలో స్టీరింగు కడ్డీ కింద గేర్ల పెట్టె ఉంటుంది, దానిలో నూనె ఉండాలి. అది కారిపోతే లోపల ఇనుము ఇనుముతో ఒరుసుకుంటుంది. స్టీరింగు వదులుగా ఆడుతోందని కొందరు ఆ పెట్టెమీది మరను బిగించేస్తారు. అసలు అరిగింది ఎక్కడో బాల్ జాయింటులో ఉంటుంది. వదులు పోదు సరికదా, బిగుతు కొత్తగా వచ్చి చేరుతుంది. చక్రాల అలైన్‌మెంటు తప్పినా బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది.

ఇన్నిటిలో మన బండి జబ్బు ఏదో ఎట్లా తెలుస్తుంది? దానికొక పరీక్ష ఉంది. సమనేలమీద వెనక చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి, ముందు రెండు చక్రాలూ గాలిలోకి లేపించి, గట్టి స్టాండ్లమీద నిలపమనండి. ఒట్టి జాకీని నమ్మవద్దు, బండి కిందికి ఎవరూ దూరవద్దు. ఇప్పుడు స్టీరింగును మెల్లగా అటూ ఇటూ తిప్పండి. గాలిలో సులువుగా తిరిగితే దోషం టైర్లలోనో, గాలిలోనో, అలైన్‌మెంటులోనో ఉన్నట్టు. గాలిలో కూడా మొరాయిస్తే కీళ్ళలోనో పెట్టెలోనో ఉన్నట్టు. అప్పుడు మెకానిక్కు పెట్టెనుంచి చక్రాలకు పోయే కడ్డీలు విప్పి రెంటినీ విడివిడిగా చూస్తే దొంగ దొరికిపోతాడు.

మా వీధిలో ఒకామె పాత కారును ఆరేళ్ళపాటు ముట్టుకోలేదు. అత్తగారిని నెలనెలా ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఆటో కోసమో, కొడుకు సెలవు కోసమో కాచుకునేది. ఒకరోజు ఈ పరీక్ష చేయించింది. చక్రాలు గాలిలో ఉన్నా స్టీరింగు రాయిలా ఉంది. విప్పి చూస్తే ఎడమ చక్రం కీలు ఎండిపోయి, తుప్పుపట్టి, సగం పట్టేసి ఉంది. మెకానిక్కు ఆ ముక్కను చేతిలో పెట్టి, "అమ్మా, ఇట్లాగే ఇంకొన్నాళ్ళు తిప్పితే దారిలో విరిగేది" అన్నాడు. ఆరేళ్ళు ఆమె చేతులను ఎత్తిపొడిచిన బరువు అదన్న మాట! ఆ ఆరేళ్ళూ ఆ బండిని ఇంట్లో మగవాళ్ళు నడిపారు. వాళ్ళకు బలం ఉంది కాబట్టి జబ్బు కనబడలేదు. బరువు తెలిసిన చేయి మొదటి హెచ్చరిక ఇచ్చింది, ఎవరూ వినలేదు.

ఇక నడిపే తీరు. బండి ఆగి ఉండగా స్టీరింగు తిప్పకండి, మీకూ కష్టం, కీళ్ళకూ కష్టం. క్లచ్చిమీద బండిని నెమ్మదిగా జరగనిస్తూ తిప్పండి, సగం బరువు తగ్గినట్టుంటుంది. సీటు ముందుకు జరుపుకుని, వీపుకు గట్టి దిండు పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకోండి. మలుపు రాకముందే వేగం తగ్గించి, చిన్న గేరులో తిరగండి. డిండి, మన్ననూరు దాటి దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యాం దగ్గరికి దిగే ఘాటులో ఈ అలవాటు ఎంత అక్కరకు వస్తుందో పోయి వచ్చినవాళ్ళను అడగండి. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కు రావాలి. రాకుండా అక్కడే నిలిచిపోతే కీళ్ళు బిగిశాయని గుర్తు, ఆ బండితో ఘాటు ఎక్కవద్దు. పోతూ పోతూ ఉండగా ఉన్నట్టుండి బరువెక్కి ఒక పక్కకు లాగితే ముందు టైరు పంక్చరై ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగు నిలువుగా పట్టుకుని, వేగం తగ్గించి పక్కకు ఆపండి.

పాత బండికి కరెంటు మోటారు స్టీరింగు బిగించేవాళ్ళు ఇప్పుడున్నారు. కానీ డైనమో ఉన్న పాత బండి అంత కరెంటు ఇవ్వలేదు, ముందు అది మార్చాలి. రవాణా శాఖ కార్యాలయంలో అడగకుండా బండిలో అటువంటి మార్పు చేయించకండి. పైగా పట్టేసిన కీలుకు మోటారు తగిలిస్తే బరువు తెలియకుండా పోతుంది, జబ్బు మాత్రం లోపల అట్లాగే ఉంటుంది.

ఈసారి షెడ్డుకు పోయినప్పుడు "స్టీరింగు బరువుగా ఉంది" అని ఊరుకోకండి. ఎప్పటినుంచి, ఆగినప్పుడా, పోతున్నప్పుడా, ఏ పక్కకు తిప్పితే ఎక్కువ, తిరిగి వెనక్కు వస్తోందా, ఈ నాలుగూ చెప్పండి. డాక్టరు దగ్గర పిల్లవాడి జ్వరం గురించి చెప్పినట్టే. చేతులకు ఏ లోటూ లేదు, ముందు గాలి చూపించండి.

సెలవు.